నిద్ర నటించే పిల్లలు: హైదర్‌గూడ పరిసరాల్లో గృహహింస, బాల్యం

గృహహింస గురించి మన దగ్గర జరిగే చర్చంతా భార్యాభర్తల చుట్టూనే తిరుగుతుంది. అదే గదిలో చాప మీద కళ్లు మూసుకుని నిద్ర నటిస్తున్న పిల్లవాడు ఫిర్యాదు కాగితంలో ‘సంతానం: ఒకరు’ అనే మాటగా మిగిలిపోతాడు. వాడి ఒంటిమీద దెబ్బ లేదు కనక వాడికేమీ కాలేదనుకుంటాం. తల్లి దెబ్బలు తింటుంటే చూసిన బిడ్డ కూడా బాధితుడేనని నా వాదన.

హైదర్‌గూడ, చిక్కడపల్లి, నారాయణగూడ గల్లీల్లో ఇప్పటికీ పోర్షన్లుగా పంచిన పాత ఇళ్లున్నాయి. గోడకు ఇవతల ఒక సంసారం, అవతల మరొకటి. రాత్రి అరుపులు అందరికీ వినిపిస్తాయి. ‘మొగుడూ పెళ్లాల గొడవ, మధ్యలో మనకెందుకు’ అనుకుని ఊరుకుంటారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం తెలంగాణలో 18–49 ఏళ్ల వివాహిత స్త్రీలలో 36.9 శాతం మంది భర్త చేతిలో హింసకు గురైనవారే. దేశ సగటు 29.3 శాతం. నన్ను ఇంకా ఎక్కువ కలవరపెట్టింది వేరే అంకె. ఏదో ఒక కారణం ఉంటే భర్త కొట్టడం సబబేనని తెలంగాణ స్త్రీలలో 83.8 శాతం మంది చెప్పారు. ఈ మాట వాళ్లు అత్తారింట్లో కొత్తగా నేర్చుకున్నది కాదు. మీ నాన్న మీ అమ్మను కొట్టేవాడా అని కూడా ఈ సర్వే అడుగుతుంది. అవునన్నవాళ్లలో భర్త హింస చాలా ఎక్కువగా కనిపిస్తుంది.

అలాంటి ఇంట్లో పిల్లవాడి చెవులు ముందు పెరుగుతాయి. బండి స్టాండు వేసిన తీరు, గేటు గడియ తీసిన చప్పుడు, మెట్లమీద చెప్పుల బరువు విని నాన్న ఎలా వచ్చాడో పసిగడతాడు. చెల్లెల్ని తీసుకుని డాబా మీదికి పోతాడు. 2011లో లండన్‌లో ఈమన్ మెక్‌క్రోరీ బృందం ఇంటి హింసకు గురైన 20 మంది పిల్లల మెదడును పరిశీలించింది. కోపంగా ఉన్న ముఖాలు చూపినప్పుడు, ప్రమాదాన్ని పసిగట్టే భాగాలు తోటిపిల్లల కంటే వాళ్లలో ఎక్కువగా స్పందించాయి. యుద్ధరంగం చూసిన సైనికుల్లోనూ ఇలాంటి స్పందనే కనిపించింది.

బడిలో ఈ అప్రమత్తతకు వేరే పేర్లు పడతాయి. డస్టరు కింద పడితే ఉలిక్కిపడేవాణ్ణి పిరికివాడంటారు. భుజం తగిలితే చెయ్యెత్తేవాణ్ణి రౌడీ అంటారు. ఇంట్లో అమ్మ ఒంటరిగా ఉందనే దిగులుతో పాఠం వినని పిల్లను మొద్దు అంటారు. పక్క తడపడం, పొద్దున్నే కడుపునొప్పి, హఠాత్తుగా మార్కులు పడిపోవడం కూడా ఇదే కథ చెప్పవచ్చు. మరీ బుద్ధిగా, అందరికీ సేవ చేస్తూ ఉండే ఆడపిల్ల మీద ఎవరికీ అనుమానం రాదు. నాకు ఎక్కువ భయం ఆ పిల్ల గురించే.

2006 అక్టోబరు 26న అమల్లోకి వచ్చిన గృహహింస చట్టం (2005) పిల్లల్ని విస్మరించలేదు. 18 ఏళ్లలోపు వారందరూ, దత్తత బిడ్డ, సవతి బిడ్డ సహా, దాని పరిధిలోకి వస్తారు. 21వ సెక్షన్ కింద తాత్కాలిక సంరక్షణ తల్లికి ఇవ్వవచ్చు. తండ్రి వచ్చి చూడటం బిడ్డకు హాని అని మేజిస్ట్రేటు భావిస్తే ఆ అనుమతి నిరాకరించాలి. 60 రోజుల్లో దరఖాస్తు తేల్చేందుకు ప్రయత్నించాలన్నది చట్టం మాట. ఎదురుచూసే బిడ్డకు 60 రోజులంటే 60 రాత్రులు.

ఇలాంటి కుటుంబ తగాదాలకు వేరే కోర్టులు ఉండాలని 1953లో చైనా పర్యటన తరవాత పట్టుబట్టింది మన సంఘసంస్కర్త దుర్గాబాయి దేశ్‌ముఖ్. కుటుంబ కోర్టుల చట్టం 1984లో వచ్చింది, ఆమె కన్నుమూసిన మూడేళ్లకు. హైదర్‌గూడకు దగ్గర్లోనే, హాకా భవన్‌లో 2016లో మొదలైన భరోసా కేంద్రం స్త్రీలకూ పిల్లలకూ కౌన్సెలింగ్, న్యాయసహాయం ఒకే కప్పు కింద అందించేందుకు పుట్టింది. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి పిల్లలే ఫోన్ చేయవచ్చు. అయితే ఫోను నాన్న జేబులో ఉన్న ఇంట్లో ఆ నంబరు వల్ల ఉపయోగం తక్కువ. అందుకే బడి ముఖ్యం.

బడి గురించి గృహహింస చట్టంలోనే 18వ సెక్షన్‌లో ఒక చిన్న వాక్యం ఉంది. బాధిత వ్యక్తి చిన్నబిడ్డే అయితే, ఆ బిడ్డ బడిలోకి ప్రతివాది అడుగుపెట్టకుండా మేజిస్ట్రేటు నిషేధించవచ్చు. ఆ ఉత్తర్వు నకలు తల్లి బీరువాలో ఉంటే బిడ్డకు రక్షణ లేదు. ఒకటి హెడ్‌మాస్టరు దగ్గర ఉండాలి, ఆ సంగతి గేటు దగ్గరి వాచ్‌మన్‌కు తెలిసి ఉండాలి.