ఎడమవైపు కిటికీ

విశాఖ నుంచి బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వచ్చే బస్సులో కుడిపక్క కిటికీ సీట్లు ముందు నిండుతాయి. సముద్రం అటే మరి. ముసురు పట్టిన రోజున మాత్రం ఆ కిటికీలో బూడిదరంగు తప్ప ఏమీ మిగలదు, నీళ్లేవో ఆకాశమేదో తెలీదు. మా ఊరి చరిత్ర చూడదలచినవారు అలాంటి రోజే బయల్దేరాలని, ఎడమవైపు కూర్చోవాలని నేనంటాను. భీమిలి కథను మనం ఎప్పుడూ సముద్రం వైపు నుంచే చెప్పుకుంటున్నాం: డచ్చివారు కోట కట్టారు, 1825లో ఊరు ఇంగ్లీషువారి చేతికి పోయింది, 1861లో మునిసిపాలిటీ అయింది. అవన్నీ నిజాలే. కానీ ఓడల కంటే ముందు ఈ తీరాన్ని మనుషులుండే చోటుగా చేసింది కొండల మీద కురిసిన వాన.

రుషికొండ దాటాక ఎడమపక్కన తొట్లకొండ వస్తుంది. 1976లో నౌకాదళం జరిపిన విమాన సర్వేలో ఇక్కడి బౌద్ధారామం బయటపడింది, 1988 నుంచి తవ్వకాలు జరిగాయి. స్తూపం, చైత్యాలు, విహారపు గదులు సరే, కొండకు పేరు తెచ్చినవి మాత్రం రాతిలో తొలిచిన నీటి తొట్లు. అవతల బావికొండకు బావులే పేరు. ఈ పేర్లు తర్వాతి జనం పెట్టుకున్నవి, భిక్షువుల ఉద్దేశానికి అవెలా సాక్ష్యమని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పేర్లను పక్కన పెడదాం, తొట్లు ఉన్నాయిగా! వందల అడుగుల ఎత్తున, నది అందని చోట, గట్టి రాయిని తొలిచారంటే వాననీటి మీద ఎంత భరోసా ఉండాలి. పైగా బౌద్ధ నియమం ప్రకారం భిక్షువులు ఒకచోట కుదురుగా ఉండేది వానాకాలంలోనే. వాళ్లను కొండెక్కించిన వానే తొట్లనూ నింపింది. అక్కడే దొరికిన రోము వెండి నాణేలను చూపి, ఇదంతా సముద్ర వ్యాపారం చలవేననేవారు ఉన్నారు. వ్యాపారం దానాలు తెచ్చి ఉంటుంది, కాదనను. అయితే తాగడానికి నీళ్లు లేని కొండ మీద ఎంత వెండి ఉండి ఏం లాభం?

ఇంకొంత దూరం పోతే ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్లపాటు గాలి మోసుకొచ్చిన ఇసుక, ఇనుము తుప్పుతో ఎర్రబారింది. ఇప్పుడక్కడ కనిపించే లోయలను కోసింది వానే. ఎండాకాలంలో అవి సినిమా సెట్టింగులా ఉంటాయి, ముసురులో ఎర్రనీళ్లు గెడ్డలై దిగుతుంటే పని ఇంకా సాగుతోందని తెలుస్తుంది.

భీమిలి రేవుకు ప్రపంచంలో పేరు తెచ్చిన సరుకుల్లో గోగునార ఒకటి, దాన్ని వర్తకులు బింలీ జూట్ అనే పిలిచారు. గోగు మెట్టపొలాల్లో వాన మీద పెరుగుతుంది. కోసిన కట్టెను చెరువుల్లో ఊరబెడితే తప్ప నార ఊడిరాదు. గోస్తనీ ఒడ్డున చిట్టివలసలో జూట్ మిల్లు వెలిసిందంటే వెనుక ఈ పంట ఉంది. ఓడ మోసింది నిజమే, మోయడానికి సరుకునిచ్చింది మాత్రం వాన. మరి వానలు ఆగకుండానే రేవు ఎందుకు చితికిందన్నది గట్టి అభ్యంతరం. రైలు దారి ఊరిని పక్కకు నెట్టింది, 1933లో విశాఖ హార్బరు తెరుచుకున్నాక పెద్ద ఓడలకు ఇక్కడ పనిలేకపోయింది. రేవు తలరాతను వానొక్కటే రాయలేదని ఒప్పుకోవాల్సిందే. కాకపోతే ఆ హార్బరును తవ్విన చోటు కూడా మేఘాద్రి గెడ్డ వచ్చి సముద్రంలో కలిసే చిత్తడినేలే.