హంసపాదు, హంసపది
పథకం ఆగితే చాలు, ‘ఆదిలోనే హంసపాదు’ అంటాయి పత్రికలు, హంసపాదంటే అడ్డంకే అన్నట్టు. అసలది రాతలో జారిపోయిన అక్షరాన్ని ఇరికించేందుకు పెట్టే గుర్తు. హంస అడుగులా ఉంటుందని ఆ పేరు. మొదటి పంక్తిలోనే పడితే ఇక చెప్పేదేముంది! అదే సంస్కృత ‘పాదం’ ఒక నేల ఫెర్న్‌కూ అంటింది: ఆయుర్వేదంలో హంసపది. ఈ ‘పది’ అంకె కాదు, సప్తపదిలోని అడుగు. వానాకాలం తడినీడల్లో కనిపిస్తుంది. నల్లగా మెరిసే సన్నని కాడ, దానికి అర్ధచంద్రాకారపు చిట్టి ఆకులు. ఒకదాన్ని వెనక్కి తిప్పితే, మడిచిన అంచు చాటున గోధుమరంగు గీతలుగా సిద్ధబీజాశయాలు. వాటిలోని పొడిని విత్తనాలనడం పొరపాటు. ఫెర్న్‌కు విత్తనమెక్కడిది? ఆకు కొస నేలకు తగిలినా అక్కడ కొత్త మొక్క లేస్తుంది. లాటిన్‌లో దీని పాత పేరు ‘లునులేటమ్’, చిన్న చంద్రవంక. పోలిక వరకు నా ఓటు దానికే.