వజ్రం: ఒక పదచరిత్ర

సంస్కృతంలో 'వజ్రం' మొదట రాయి పేరు కాదు, ఇంద్రుడి ఆయుధం పేరు. దాని కాఠిన్యాన్ని బట్టి అదే పేరు తర్వాత రత్నానికి వచ్చింది, పాత అర్థం మాత్రం వజ్రాయుధం, వజ్రకాయం వంటి మాటల్లో తెలుగులో ఇప్పటికీ నిలిచి ఉంది. గ్రీకులోనూ దాదాపు ఇలాగే జరగడం విశేషం. 'లొంగదీయరానిది' అనే అర్థమున్న 'అదమాస్' ప్రాచీన గ్రీకు కవి హెసియోడ్ కావ్యంలో క్రోనోస్ అనే దేవుడి చేతి కొడవలికి వాడిన కఠిన లోహం కాగా, క్రీ.శ. 1వ శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ నాటికి రత్నం పేరయింది. అతడు చెప్పిన రకాల్లో భారతదేశపు రాయి కూడా ఉంది.

ఈ పదమే మలి లాటిన్‌లో 'దియమాస్'గా మారి జర్మన్‌లో 'డియమాంట్', ఇటాలియన్, స్పానిష్ భాషల్లో 'దియమాంతె', ఇంగ్లీషులో 'డైమండ్' అయింది; రష్యన్ 'అల్మాజ్' కూడా అరబ్బీ 'అల్మాస్' మీదుగా ఆ గ్రీకు మూలానికే చేరుతుంది. ఫ్రెంచిలో ఇదే మూలం నుంచి వచ్చిన మరో మాట 'ఎమాఁ'కు నేడు అయస్కాంతమని అర్థం. 'ప్రేమించే' అనడానికీ ఫ్రెంచిలో ఆ రూపమే కాబట్టి, ఇనుమును దగ్గరకు లాక్కునే రాయికి ఆ పేరు చక్కగానే అమరింది.

1720ల్లో బ్రెజిల్ గనులు బయటపడేదాకా యూరప్‌కు వజ్రాలు ప్రధానంగా భారతదేశం నుంచే వెళ్లేవి. కర్నూలు సీమలో రామళ్లకోట, గులకరాళ్లు అతుక్కుని గట్టిపడిన రాతిపొరలున్న బనగానపల్లె, కడప దగ్గర పెన్న ఒడ్డున చెన్నూరు ఇందుకు పేరుపొందిన చోట్లు. ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే వర్ణించిన 'రావోల్కొండ' గని రామళ్లకోటేనని 1889లో భూగర్భ శాస్త్రవేత్త వాలంటైన్ బాల్ గుర్తించాడు గాని, ఆ గుర్తింపును తర్వాతి పండితులు అందరూ ఒప్పుకోలేదు.

ఇన్ని రాళ్లు వెళ్లినా 'వజ్రం' అనే మాట యూరప్‌లో స్థిరపడలేదు. వెళ్లింది తూకం పేరు. 'మంజాళి' అనే ఎర్రగింజ ఎత్తుతో రత్నాలు తూచే పద్ధతి నుంచి పోర్చుగీసు 'మాంజెలిం', ఇంగ్లీషు 'మాంజెలిన్' పుట్టాయని 1886 నాటి 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు చెబుతుంది. రావోల్కొండలో ఒక మాంజెలిన్ 1¾ క్యారెట్లని తావెర్నియే లెక్క. క్యారెట్ కూడా గింజే: కరోబ్ అనే చెట్టు గింజకున్న గ్రీకు పేరు నుంచి వచ్చింది. తొలకరి వాన పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో రాళ్లు వెతికేవారు నేడు బరువు చెప్పుకునేది ఆ గ్రీకు గింజ లెక్కలోనే.