ఒక మాట, డెబ్బై ఏళ్ళ బాకీ

1955లో కొలరాడో రాష్ట్రంలోని ఫోర్ట్ లూయిస్ కాలేజీ జట్టు తరఫున ఆడుతూ రే డెనిసన్ అనే కుర్రవాడు తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. ఆడింది అమెరికన్ ఫుట్‌బాల్, కోలబంతిని చంకన పెట్టుకుని ఎదుటివాళ్ళను ఢీకొంటూ పరిగెత్తే ఆట. పనిలో ప్రాణం పోయిన కార్మికుడి ఇంటికి ఇచ్చే పరిహారం తనకూ ఇప్పించమని అతని భార్య అడిగింది. కాలేజీ ఫుట్‌బాల్ వ్యాపారం చేయడం లేదు, కాబట్టి అతను ఉద్యోగి కాడు అని 1957లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చేసింది.

ఇలాంటి దావాల భయంతోనే కాలేజీ ఆటల పెత్తనం చూసే ఎన్‌సీఏఏ ఒక మాట పుట్టించింది: ‘స్టూడెంట్ అథ్లెట్’. వినడానికి గౌరవంగానే ఉంటుంది. ఆటగాణ్ణి జీతగాడు అనకుండా ఉండడానికే దాన్ని తయారు చేశామని, 1951 నుంచి 1987 దాకా ఆ సంస్థను నడిపిన వాల్టర్ బయర్స్ తర్వాత తన పుస్తకంలో రాశాడు. ఆ ఒప్పుకోలు రావడానికి 1995 దాకా పట్టింది.

నిజానికి డబ్బు మొదటి రోజు నుంచీ ఉంది. 1852లో హార్వర్డ్, యేల్ విద్యార్థులు న్యూహాంప్‌షైర్‌లోని ఒక సరస్సు మీద పడవ పందెం వేశారు. అమెరికాలో రెండు కాలేజీల మధ్య జరిగిన తొలి పోటీ అదే. ప్రయాణికులు పెరుగుతారన్న ఆశతో ఖర్చంతా పెట్టుకున్నది ఒక రైలు కంపెనీ. 1984లో అమెరికా సుప్రీంకోర్టు టీవీ ప్రసారాలపై ఎన్‌సీఏఏ గుత్తాధిపత్యాన్ని కొట్టేశాక డబ్బు వరదలా వచ్చింది. కోచ్‌ల జీతాలు లక్షల డాలర్లు దాటాయి. ఆటగాడికి దక్కింది మాత్రం స్కాలర్‌షిప్పే.

ఈ గోడకు బీట పెట్టినవాడు మాజీ కాలేజీ ఆటగాడు ఎడ్ ఒబానన్. తన పోలికలున్న బొమ్మను వీడియో గేమ్‌లో చూసి 2009లో కోర్టుకెక్కాడు. 2021లో, చదువుకు సంబంధించిన ప్రయోజనాలపై ఎన్‌సీఏఏ పెట్టిన పరిమితుల మీద నడిచిన ఆల్‌స్టన్ కేసులో తొమ్మిదిమంది సుప్రీంకోర్టు జడ్జీలూ ఆటగాళ్ళ పక్షాన నిలిచారు. 2025 జూన్‌లో, ఆటగాళ్ళు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసు రాజీకి జడ్జి క్లాడియా విల్కెన్ ఆమోదం తెలిపింది. పాత ఆటగాళ్ళకు పదేళ్ళలో దాదాపు 280 కోట్ల డాలర్లు ఇవ్వాలి. ఆ జులై నుంచి ఒక్కో కాలేజీ మొదటి ఏడాది 2.05 కోట్ల డాలర్ల వరకు తన ఆటగాళ్ళకు నేరుగా పంచవచ్చు.

పంపకం దగ్గరే చిక్కు వచ్చి పడింది. పాత బాకీలో సింహభాగం మగవాళ్ళ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళకే కేటాయించారు. చదువుల్లో ఆడ, మగ తేడా చూపరాదన్న 1972 నాటి టైటిల్ నైన్ చట్టానికి ఇది విరుద్ధమని కొందరు క్రీడాకారిణులు అప్పీలుకు వెళ్ళారు. వాళ్ళ మాటలో న్యాయముందని నా నమ్మకం. టికెట్లు అమ్ముడయ్యే ఆటకే విలువ కడితే కాలేజీకీ జీతాలిచ్చే క్లబ్బుకూ తేడా ఏముంది? అదే రాజీలో ఒక్కో జట్టులో ఉండే ఆటగాళ్ళ సంఖ్యకు కొత్తగా పరిమితి పెట్టడంతో స్కాలర్‌షిప్ లేకుండా ఆడే పిల్లలు చాలామంది చోటు కోల్పోయే పరిస్థితి వచ్చింది. డబ్బు రాని ఈత, ట్రాక్, కుస్తీ జట్ల మీద కత్తి వేలాడుతోంది. అమెరికా ఒలింపిక్ జట్టులో ఎక్కువమందిని తయారు చేసేది ఈ కాలేజీలే.

ఇంత జరిగినా ఆ రాజీలో ఆటగాణ్ణి ఉద్యోగిగా ఎక్కడా ఒప్పుకోలేదు. డెనిసన్ భార్య అడిగిన ప్రశ్న ఇంకా అలాగే ఉంది.