ఏడు రోజులు, ఏడు సముద్రాలు

సముద్రం చూడాలనుకునేవాళ్ళు వనపర్తి వెళ్ళొచ్చు. నవ్వకండి. అక్కడ ఒకటి కాదు, ఏడు సముద్రాలున్నాయి. వనపర్తి సంస్థానాన్ని ఏలినవాళ్ళు కట్టించిన పెద్ద చెరువులని అక్కడివాళ్ళు 'సప్త సముద్రాలు' అంటారు. శ్రీరంగాపురం గుడిని ఆనుకుని ఉన్నది రంగసముద్రం. కానాయిపల్లి దగ్గరున్నది శంకరసముద్రం. మబ్బు పట్టినట్టే పట్టి జారిపోయే పాలమూరు సీమలో, అసలు సముద్రానికి అన్ని క్రోసుల దూరాన, చెరువుని సముద్రమని పిలుచుకున్నారంటే వాళ్ళ దాహం ఎంతటిదో మీరే ఊహించుకోండి.

ఈ సముద్రాల సంగతి నాకు మా ఇంట్లో పనికొచ్చింది. వారం రోజులు కారేసుకుని ఎక్కడికైనా పోదామని మా అన్నయ్యా వదినా, మేమిద్దరం అనుకున్నాం. అత్తయ్యగారు కూడా వస్తానన్నారు. మా వదినది విశాఖపట్నం. "సముద్రతీరం వెంబడి పోదాం, భీమిలి నుంచి మొదలుపెట్టి" అంది. తీరమే కావాలంటే కృష్ణాతీరం ఉంది, తుంగభద్రాతీరం ఉంది, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు చుట్టి వద్దామన్నాను నేను. వదిన నన్ను జాలిగా చూసింది.

"అక్కడేముందమ్మాయ్, రాళ్ళు తప్ప!"

వదినని ఏమీ అనను. ఈ మాట పాతదే. తెలంగాణాలో తెలుగు కవులే లేరని వెనకటికి ఒక పెద్దమనిషి అంటే, సురవరం ప్రతాపరెడ్డిగారు పోట్లాటకి దిగకుండా 1934లో 354 మంది కవుల పద్యాలతో 'గోలకొండ కవుల సంచిక' అచ్చువేసి చేతిలో పెట్టారు. ఆ ప్రతాపరెడ్డిగారిది ఈ గద్వాల ప్రాంతమే. 1952లో వనపర్తి నుంచే శాసనసభకి వెళ్ళారు. నాకంత ఓపిక లేదు గనక కాగితం, పెన్సిలు తెచ్చుకుని ఒక్కొక్కళ్ళనీ విడివిడిగా ఒప్పించడం మొదలుపెట్టాను.

వదినని ఒప్పించడం ఎంతసేపు! గద్వాల చీర అన్నాను. అంతే. చీర కొనడం వేరు, చీర పుట్టేచోట కూర్చుని చూడడం వేరు. ఒళ్ళంతా నూలు, అంచూ పమిటా పట్టు. చెప్పుకోడానికి ఒక్క ముక్కే గాని, నూలూ పట్టూ ఒక్కలాగ సాగవు, ఒక్కలాగ బిగియవు. ఆ రెండింటికీ కాపురం కుదర్చడమే గద్వాల నేతగాడి విద్య. అంచుకొక నాడె, ఒంటికొక నాడె, మళ్ళీ ఆ వైపు అంచుకొక నాడె. పమిట దగ్గరైతే నూలుపోగునీ పట్టుపోగునీ ఒక్కొక్కటిగా వేళ్ళతో మెలిపెట్టి కలుపుతారు. మనం షాపులో పరుపు మీద కూర్చుని "అంచు ఇంకొంచెం వెడల్పుంటే బాగుండును" అని పెదవి విరిచేస్తాం!

ఏటా తిరుమల బ్రహ్మోత్సవాలకి గద్వాల నుంచి 'ఏరువాడ జోడు పంచెలు' వెళ్తాయి. సంస్థానం పోయినా ఆ ఆనవాయితీ పోలేదు. గద్వాల నేతగాళ్ళని కాశీకి పంపి అక్కడి పని నేర్పించి తెచ్చింది మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ అని చెప్పుకుంటారు. భర్త పోయాక సంస్థానాన్ని నడిపిన ఆఖరి రాణి ఆవిడ. సోమనాద్రి అని జనం పిలుచుకునే పెద సోమభూపాలుడు కట్టించిన మట్టికోటలో చెన్నకేశవస్వామి గుడి ఉంది, రాణిగారి పేరుతో కాలేజీ ఉంది. ఒకప్పుడు ఏటా మాఘమాసంలో పండితులు వచ్చి శాలువాలు కప్పించుకుని వెళ్ళిన ఊరు. 'విద్వద్గద్వాల' అనే పేరు ఊరికే రాలేదు. ఇప్పుడక్కడ పిల్లలు డిగ్రీ పరీక్షలు రాస్తున్నారు. కోటకి ఇంతకంటే మంచి గతి ఏం పట్టాలి చెప్పండి?

అత్తయ్యగారికి అలంపురం అన్న ఒక్క మాట చాలు. జోగులాంబ శక్తిపీఠం. పాత గుడి పధ్నాలుగో శతాబ్దంలో పోయాక అమ్మవారు కొన్ని వందల ఏళ్ళు బాలబ్రహ్మేశ్వరుడి గుడిలో తలదాచుకుంది. 2005లో మళ్ళీ తన ఇంటికి తాను చేరింది. ఆవిడ పక్కనే నవబ్రహ్మ ఆలయాలు. పేరుకి బ్రహ్మలు గాని తొమ్మిదింటా ఉన్నది శివుడే. బాదామి చాళుక్యులు ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో కట్టించారు. మన దక్షిణాది గోపురాల్లా మెట్లుమెట్లుగా ఉండవు. ఉత్తరాది గుళ్ళలా వంపు తిరిగి పైకి పోయే శిఖరాలు. ఆ రాళ్ళ బళ్ళు తుంగభద్ర దాటేముందు ఇరుసులకి కందెన పెట్టుకున్న చోటే కందెనవోలు, అదే కర్నూలు అయిందని ఒక కథ. తమాషా ఏమిటంటే నాగర్‌కర్నూలుకి కూడా కందనూలనే పేరుంది, కందెన కథే ఉంది! రెండు ఊళ్ళు ఒక్క కథ కోసం పోట్లాడుకోకుండా పంచుకున్నాయి.

అలంపురంలో నేను చూడాలనుకునేది మాత్రం ఇంకొకటుంది. కూడవెల్లి సంగమేశ్వరాలయం. పేరు కూడవెల్లిది, ఉన్నది అలంపురంలో. కృష్ణా తుంగభద్రలు కలిసే చోట వెయ్యేళ్ళకి పైగా నిలబడ్డ గుడి. శ్రీశైలం జలాశయంలో మునిగిపోతుందని తెలిసి, రాయి రాయికీ అంకె వేసి విప్పదీసి, తెచ్చి ఇక్కడ మళ్ళీ పేర్చారు. కందెన బళ్ళ కథ మళ్ళీ జరిగినట్టే! ఇలా ఈ తీరంలో ఎన్నో గుళ్ళు లేచి నడిచాయి. జటప్రోలు మదనగోపాలస్వామి గట్టెక్కాడు. సోమశిల ఆలయాలు గట్టెక్కాయి. అలంపురానికైతే నది పక్కన పెద్ద గోడే కట్టారు. 2009 అక్టోబరు వరద ఆ గోడని కూడా లెక్కచెయ్యలేదనుకోండి.

అసలు ప్రయాణం ఎప్పుడు పెట్టుకోవాలన్న ప్రశ్న ఇక్కడే వచ్చింది.

సోమశిల గురించి వినే ఉంటారు. కొల్లాపురం దాటి వెళ్తే కృష్ణ ఒడ్డున ఉంటుంది. భాద్రపద ఆశ్వయుజాల్లో జలాశయం నిండినప్పుడు వెళ్తే కనుచూపు మేర నీళ్ళు, మధ్యమధ్య పచ్చని కొండలు దీవుల్లా. వదినకి కావలసిన సముద్రం అచ్చంగా అదే. మాఘమో ఫాల్గుణమో వచ్చి నీళ్ళు తీసేశాక వెళ్తే అవతలి ఒడ్డు వైపు సప్తనదుల సంగమం దగ్గర పాత సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్ళలోనే ఉండే శివుడు. పూజారి మిగిలిన కాస్త రోజుల్లోనే ఏడాది పూజలన్నీ చేసుకోవాలి. నీళ్ళు ఇంకా తగ్గితే బురదలో ఊళ్ళ పునాదులు, గట్ల ఆనవాళ్ళు కనిపిస్తాయి.

ఒక నవల కోసం తిరుగుతూ ఆ ఒడ్డుకి నేనొకసారి వెళ్ళాను. నిండు నీళ్ళ మీద పడవ నడుపుతున్న ముసలాయన ఒకచోట తెడ్డు ఆపి చూపించాడు. "ఆడుండె అమ్మా, మా ఇల్లు." నేను ఒడ్డు వైపు చూశాను. ఆయన చెయ్యి మాత్రం కిందికి, నీళ్ళలోకి చూపిస్తోంది.

మా అన్నయ్య నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. నేనీ సంగతి ఎత్తగానే, "ఆ డ్యామ్ లేకపోతే నీ ఇంట్లో ఫ్యాను తిరిగేది కాదే. రాయలసీమకి నీళ్ళు, మద్రాసు కుళాయిలకి నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయి?" అన్నాడు. నిజమే, కాదనను. 1963లో నెహ్రూగారు శంకుస్థాపన చేసిన ఆ ప్రాజెక్టు తిండి నేనూ తింటున్నాను. కాని లెక్కలో రెండో వైపు కూడా ఉంటుంది కదా. కృష్ణకి ఇటూ అటూ కలిపి వందకు పైగా ఊళ్ళు మునిగాయి. లక్షమంది దాకా ఇల్లూ వాకిలీ వదులుకున్నారు. 1981 వేసవిలో, కదలనివాళ్ళ ఇళ్ళని పోలీసుల్ని పెట్టి కూల్చారు. గుడిరాళ్ళ మీద అంకెలు వేశారు. ఏ రాయి పక్కన ఏ రాయి ఉండాలో రాసిపెట్టుకున్నారు. ఎవరి గుమ్మం పక్కన ఎవరి గుమ్మం ఉండేదో మాత్రం ఎవరూ రాసుకోలేదు. బిందె పట్టుకుని నీళ్ళకెళ్తూ పలకరించుకునే ఇద్దరాడవాళ్ళు, ఒకామె ఒక ఊరికీ ఒకామె ఇంకో ఊరికీ చెదిరిపోతే, దానికి నష్టపరిహారం ఏ పట్టికలో ఉంటుంది? ఇంటికొక ఉద్యోగం ఇస్తామని 1986లో 98వ నంబరు జీవో వచ్చింది. ఆ కాగితం పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి ముసలివాళ్ళయిపోయినవాళ్ళున్నారు.

దేశమంతా ఆనకట్టలు కట్టడానికి కూలికి పోయిన పాలమూరు మనుషుల సీమ ఇది. అన్నయ్య ఆ మాటకి మాత్రం ఏమీ అనలేదు. చాలా ప్రాజెక్టుల్లో వాళ్ళని దగ్గరుండి చూసినవాడే.

ఇంకో సంగతి. నది వెడల్పయ్యేసరికి పూర్వం కాలినడకన దాటిన చోట పడవే గతి అయింది. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి అరవైమందికి పైగా చనిపోయారు. సోమశిల దగ్గర వంతెన కావాలని అప్పట్నుంచీ అడుగుతూనే ఉన్నారు. 2022లో కేంద్రం మంజూరు చేసింది, పైన నడవడానికి అద్దాల దారితో సహా. అద్దాల మాట వినగానే మా వదిన మొహం వెలిగింది. లైఫ్ జాకెట్ లేకుండా పడవెక్కేది లేదని అత్తయ్యగారికి నేను ముందే చెప్పేశాను.

నిండుగా ఉన్నప్పుడా, ఎండినప్పుడా? మూడు రోజులు వాదించుకున్నాం. చివరికి ఉగాది వెళ్ళిన వారమని నేనే తేల్చాను. సంగమేశ్వరం పైకి తేలి ఉంటుంది. కొల్లాపురం మామిడికి అప్పుడప్పుడే రంగు వస్తుంటుంది. ఎండంటారా, గొడుగులున్నాయి. కొల్లాపురంలో జటప్రోలు సంస్థానం వారి కోట చూడొచ్చు. ఆ సురభివారి వంశంలో మాధవరాయలు 'చంద్రికా పరిణయం' రాశాడు. ఆ ప్రబంధం చదివి అర్థం చేసుకున్నానని నా ముందు ఎవరైనా అంటే వారికి నా నమస్కారం.

వనపర్తికి మావారు రెండు రోజులు కేటాయించమన్నారు. పానగల్లు కోట ఎక్కుతారట. 1420 ప్రాంతంలో ఫిరోజ్ షా బహమనీ ఆ కోట కోసమే వచ్చి విజయనగరం వాళ్ళ చేతిలో ఓడిపోయాడు. మావారి మోకాళ్ళు ఏమంటాయో చూడాలి. వాళ్ళు కోట దిగేదాకా మేం ఆడవాళ్ళం వనపర్తి ప్యాలెస్ దగ్గరుంటాం. రాజాగారి మేడలో ఎన్నో ఏళ్ళుగా పాలిటెక్నిక్ నడుస్తోంది. ఈ ఇంటి కోడళ్ళ గురించి ఎవరైనా తీరిగ్గా రాయాలి. రాణీ కుముదినీదేవి 1962లో హైదరాబాదు నగరానికి మొదటి మహిళా మేయరయింది. అంతకుముందే కుష్ఠురోగుల కోసం శివానంద ఆశ్రయం పెట్టింది. రాణీవాసం నుంచి వచ్చినావిడ, అయినవాళ్ళే ముట్టుకోడానికి జంకే మనుషుల మధ్య తిరిగింది. తర్వాతి తరంలో శాంతా రామేశ్వరరావుగారు ఇంగ్లీషులో కథలూ నవలలూ రాసింది, హైదరాబాదులో విద్యారణ్య బడి పెట్టింది. నవలలు రాసుకునేదాన్ని గనక నాకు ఏనుగు అంబారీల కన్నా ఈవిడ మీదే మక్కువ.

నల్లమల వైపు ఒక్క పూటే. ఉమామహేశ్వరం చూసి వెనక్కి. శ్రీశైలానికి అది ఉత్తర ద్వారం, అలంపురం పడమటి ద్వారం. మా కాగితం మీద రెండు వాకిళ్ళూ ఉన్నాయి గాని ఇల్లు లేదని అత్తయ్యగారు నొచ్చుకున్నారు. శ్రీశైలం ఇంకోసారి.

ఏడో రోజు నాగర్‌కర్నూలు నుంచి తిరుగుదారి. బిజినేపల్లి దగ్గర నంది వడ్డెమాను వస్తుంది. పూర్వం అది వర్ధమానపురం, కాకతీయుల సామంతులైన గోనవారి రాజధాని. రంగనాథ రామాయణం రాసిన గోన బుద్ధారెడ్డి ఆ ఇంటివాడే. ఆయన కూతురు కుప్పాంబిక. భర్త మల్యాల గుండ దండనాథుడు పోయాక ఆయన పేరున గుడి కట్టించి, 1276లో బూదపురంలో శాసనం వేయించింది. ఆమెదని చెప్పే పద్యం ఒక్కటే దొరికిందట. తాళ్ళపాక తిమ్మక్క కన్నా సుమారు నూటయాభై ఏళ్ళు ముందు పద్యం రాసిన తెలుగు ఆడది! మొల్ల పేరు తెలియని ఇల్లు లేదు గదా, కుప్పాంబిక పేరు మనలో ఎంతమంది విన్నాం? బడిలో నాకెవరూ చెప్పలేదు.

బూదపురం అంటే ఇవాళ్టి భూత్పూరు. నాగర్‌కర్నూలు దారి హైవేలో కలిసేది అక్కడే. రోజూ ఎన్ని వందల కార్లు దాన్ని దాటి పోతున్నాయో. మావారు అక్కడ టీకి పది నిమిషాలు ఆగుదామన్నారు. నేను అరపూట అడిగాను.