ఒక వంటకము, నాలుగు వలసలు



నేఁటి నా ప్రసంగము చరిత్రకు సంబంధించినది. చరిత్ర యనఁగానే రాజులు, యుద్ధములు, శాసనములు అని తలంచుట మనకు వాడుక. భాషాప్రవీణ చదివి, తెలుఁగు పండితుఁడనై ముప్పదియేండ్లు బడిలో పనిచేసిన నాకును ఆ వాడుక తప్పలేదు. కాని శాసనములలో చోటు దొరకని జనుల చరిత్ర యొక్కొక్కప్పుడు వారి వంటకుండలో దొరకును. అట్టి కుండలోనిది ఇటీవల నేను తింటిని. దానిని గూర్చియే నేఁడు మనవి చేసెదను.

హైదరాబాదు నగరమునకు తూర్పుదిక్కున ఉప్పలు, నాచారము అను తావులు ఇరుగుపొరుగున నున్నవి. ఓరుగల్లు బాట ఉప్పలు కూడలి మీఁదుగా సాగును. 2017 నవంబరు మొదలుకొని మెట్రో రైలును ఆ కూడలి మీఁదుగా నడచుచున్నది. నాచారము యంత్రశాలల పేట. నందమూరి తారక రామారావుగారు చలనచిత్రముల కొఱకు నెలకొల్పిన రామకృష్ణా స్టూడియో యిక్కడిదే. ఇచ్చటికి సముద్రతీరము రెండువందల ఏఁబది కిలోమీటర్లకు తక్కువ కాదు. అయినను ఇక్కడి వీథిలో రొయ్యలు, పీతలు ఉడికించి పెట్టు భోజనశాల యొకటి వెలసినది.

మా అక్కగారి భర్త భీమవరము ప్రాంతమున రొయ్యలచెఱువుల రైతు. కంటివైద్యమునకై నగరమునకు వచ్చి, నాచారమున మా యింట పదిదినములుండిరి. ఒకనాఁటి సాయంకాలము మా చిన్నవాఁడు "మామయ్యా, మీ రొయ్యలను అమెరికావారు ఎట్లు తిందురో చూతురు గాని రండు" అని మా యిరువురను ఆ భోజనశాలకు తీసికొనిపోయినాఁడు.

అక్కడ కంచములు లేవు, విస్తళ్లు లేవు. బల్లమీఁద వెడల్పైన కాగితము పఱచినారు. బట్టలు మాయకుండ మెడకొక కాగితపు తెర కట్టినారు. చేతులకు పలుచని తొడుగులిచ్చినారు. పిమ్మట ఆవిరులు గ్రక్కు సంచి నొకదానిని తెచ్చి ఆ కాగితముమీఁద కుమ్మరించినారు. రొయ్యలు, పీతలు, మొక్కజొన్నపొత్తుల తునకలు, చిన్న బంగాళాదుంపలు. వాని నన్నిటిని ముంచెత్తిన వెన్న, వెల్లుల్లి, ఎఱ్ఱని కారము. ఎవరికి వారు చేతితో ఏఱుకొని, పెంకు ఒలుచుకొని తినవలెను.

నాకు నవ్వు వచ్చినది. చేతితో తినుట మోటుతనమని మనకు నేర్పఁజూచిన పడమటిదిక్కునుండి వచ్చిన తిండిని, తరతరములుగా చేతితో తిన్న మనము తొడుగులు వేసికొని తినుచున్నాము. బావగారు ఆ తొడుగులను తీసి ప్రక్కన పెట్టిరి. ఒక రొయ్యను త్రిప్పి చూచి, "మాష్టారూ, ఇది వనామి. ముప్పై కౌంటు. మన వైపుదే" అనిరి. కిలోకు ముప్పది తూఁగు రొయ్యను వారు ముప్పై కౌంటు అందురు. వడ్డించు కుఱ్ఱవాఁడును సరకు భీమవరమునుండియే వచ్చునని చెప్పినాఁడు.

రొయ్య మనది, మఱి వంట ఎవరిది? హైదరాబాదులో ఈ ప్రశ్న కొత్తది కాదు. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన మన హలీము, నిజాముల సైన్యములో చేరిన అరబ్బులు తెచ్చిన హరీసునుండి పుట్టినది. ఆ రాత్రి బల్లమీఁది కారము, పొత్తు, దుంప మూఁడును మనవే యని బావగారు వాదించిరి. ఆ మూఁడును అమెరికాఖండమున పుట్టి, పోర్చుగీసువారి ఓడలు మన తీరమునకు వచ్చిన పిదపనే మన యింటికి చేరినవి. ఇట్టి చిక్కులు చూచి, తరువాతి దినములలో నేను పుస్తకములు త్రిప్పితిని. ఈ వంటకము ఏ యొక్కరిదియు కాదని తేలినది. ఇల్లు విడిచి పోవలసివచ్చినవారు ఒకరి తరువాత నొకరు దీనిలో చేయి పెట్టినారు.

మొదటి వలస ఫ్రెంచి రైతులది. 1605లో వారు ఉత్తరామెరికా తూర్పుతీరమున పోర్ట్ రాయల్ అను చోట నివాసము కట్టుకొనిరి. నేఁడు కెనడాలో నోవా స్కోషియా యనఁబడు ఆ ప్రాంతమునకు అప్పటి పేరు అకాడియా. అచ్చటి రైతుల నేర్పు మన డెల్టావారు వినఁదగినది. సముద్రపు పోటు ముంచెత్తు ఉప్పునేలలకు వారు మట్టికట్టలు కట్టి, కట్ట క్రింద చెక్కతూము లమర్చిరి. తూమునకొక తలుపు. ఆటు వేళ లోపలి నీరు వెలికి పోవుటకు అది తెఱచుకొనును. పోటు వేళ ఉప్పునీరు లోనికి రాకుండ తానే మూసికొనును. కొన్నియేండ్ల వానలకు ఉప్పు కడిగిపోఁగా ఆ నేల గోధుమ పండినది.

1713 నాఁటి సంధితో ఆ దేశము ఇంగ్లీషువారి వశమైనది. తమ రాజునకు షరతులేని విధేయతాప్రమాణము చేయుఁడని దొరలు కోరిరి. ఫ్రాన్సుమీఁద ఆయుధము పట్టలేమని అకాడియనులు అందుకు ఒప్పుకొనలేదు. 1755 సెప్టెంబరు 5వ తేదీన గ్రాన్ ప్రే గ్రామపు మగవారిని చర్చికి పిలిపించి, భూములు, పశువులు ప్రభుత్వపరమైనవనియు, వారందఱు దేశము విడువవలెననియు ఆజ్ఞ చదివి వినిపించిరి. ఇండ్లు తగులఁబెట్టిరి. 1763 లోపల పదివేలమందిని వెడలఁగొట్టిరి. తావు తావు తిరిగి వారిలో కొందఱు 1764-65 మొదలుకొని, మిసిసిపీ నది సముద్రమున కలియు లూసియానా చేరిరి. 1785లో ఫ్రాన్సునుండి ఏడు ఓడలలో మఱి సుమారు 1,600 మంది వచ్చిరి. అకాడియన్ అను మాటయే జనుల నోట నలిగి కేజన్ అయినది.

లూసియానా పల్లపునేల. అక్కడి కాలువలలో, గుంటలలో క్రాఫిష్ అను ప్రాణి యుండును. దానికి రొయ్యవంటి తోఁకయు, పీతకువలె పట్టుకారువంటి ముందుకాళ్లును కలవు. ఆ దేశపు ఆదివాసులు ముందునుండియు దానిని తినుచుండిరి. కేజనులు పెద్ద కాఁగులో నీరు మరిగించి, ఉప్పు, మిరపకారము, నిమ్మ వేసి, బస్తాలకొలఁది క్రాఫిష్‌ను, దుంపలను, పొత్తులను ఉడికించి, బల్లపై పాతపత్రికలు పఱచి కుమ్మరించి, చుట్టములతో, ఇరుగుపొరుగువారితో కూడి తినుట నలవఱచుకొనిరి. మన వనభోజనములవంటి వేడుక యది. చాలకాలము అది బీదల తిండి యని చిన్నచూపు చూచినారు. అట్టిదానికే 1983లో ఆ రాష్ట్రపు చిహ్నములలో స్థానము దొరకినది.

రెండవ వలస వియత్నామువారిది. 1975 ఏప్రిల్ 30వ తేదీన సైగాన్ నగరము పడిపోయినది. ఆ యేడు లక్షకు మించిన శరణార్థులు అమెరికా చేరిరి. వారిలో జాలరులు లూసియానా, టెక్సాసు తీరములలో రొయ్యలవేటకు దిగిరి. వియత్నామును 1954 వఱకు ఏలినవారును ఫ్రెంచివారే; కావున వెన్నయు, రొట్టెయు వారికి కొత్త కావు. కాని అక్కడి పాత జాలరులతో తగవు లేచినది. 1979లో టెక్సాసులోని సీడ్రిఫ్ట్ అను రేవున ఒక స్థానికుని ప్రాణము పోయినది. వియత్నామువారి పడవలు కాలినవి. 1981లో కూ క్లక్స్ క్లాన్ అను దౌర్జన్యసంఘము వారిని బెదరింపఁగా, వారు పాఱిపోక న్యాయస్థానము మెట్లెక్కిరి. గాబ్రియెల్ మెక్‌డొనాల్డ్ అను నల్లజాతి న్యాయమూర్తి ఆ బెదరింపులను నిలుపుదల చేయుచు ఉత్తరువు నిచ్చిరి.

అట్లు నిలదొక్కుకొన్న జనమే కేజనుల కుండలో తమ నిమ్మగడ్డిని, అల్లమును వేసినది. ఉడికినదానిని తీసి వెల్లుల్లి వెన్నలో మరల పొరలించినది. 2000 సంవత్సరము దాఁటిన పిదప హ్యూస్టన్ నగరమున ఈ రుచి ప్రసిద్ధి కెక్కి, దేశదేశముల భోజనశాలలకు ప్రాఁకినది. ఉప్పలు బల్లమీఁద మాకు కుమ్మరించినది ఆ రుచినే.

మూఁడవ వలస మనుష్యులది కాదు, రొయ్యది. దానిని చెప్పవలెనన్న మా యింటి గుట్టు కొంత విప్పక తప్పదు.

1990 తరువాతి యేండ్లలో మన తీరమున టైగరు రొయ్య బంగారమువలె అమ్ముడుపోయినది. బావగారు తమ వరిచేను మూఁడెకరములు త్రవ్వించి ఉప్పునీరు పెట్టిరి. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన నాఁటినుండి గోదావరి నీరు త్రాగిన డెల్టానేల యది. ప్రక్కచేనికి ఉప్పు ఊరినది. ఆ రైతు వరి ఎఱ్ఱబాఱి చచ్చినది. "అన్నము పెట్టు నేలకు ఉప్పు పెట్టితిరి" అని నేను బావగారికి జాబు వ్రాసితిని. ఆ జాబు తరువాత చాలయేండ్లు మా యిండ్ల నడుమ రాకపోకలు పలుచఁబడినవి.

1994-95లో తెల్లమచ్చల తెగులు టైగరు చెఱువులను ఊడ్చివేసినది. 1996 డిసెంబరు 11న సుప్రీముకోర్టు, వ్యవసాయభూములను రొయ్యలచెఱువులుగా మార్చరాదని తీర్పు చెప్పినది. 2005లో పార్లమెంటు తీరప్రాంతపు సాగునకు ప్రత్యేకమైన చట్టము చేసినది. 2009లో ప్రభుత్వము వనామి రొయ్యకు అనుమతి నిచ్చినది. మెక్సికోనుండి పెరూవఱకు గల పసిఫిక్ తీరము దాని పుట్టినిల్లు. తెగులు లేని తల్లిరొయ్యలను విదేశములనుండి తెచ్చి, హేచరీలలో పిల్ల తీయించి, మనవారు చెఱువులలో పోసిరి. 2023-24లో మన దేశము 7 లక్షల టన్నులకు పైగా రొయ్యను గడ్డకట్టించి విదేశములకు పంపినది. అందు ఇంచుమించు 3 లక్షల టన్నులు అమెరికాయే కొన్నది. ఈ పంటకు ఆంధ్రదేశమే పెద్దకొట్టు.

పసిఫిక్ తీరపు ప్రాణి గోదావరిసీమలో పెరిగి, మంచుగడ్డయై మరల అమెరికాకే పోయి, అకాడియావారి కుండలో ఉడికి, వియత్నామువారి వెన్నలో పొరలుచున్నది! ఆ వంట యిప్పుడు తిరిగి ఉప్పలు చేరినది. 2025 ఆగస్టు 27న అమెరికా మన సరకులపై 50 శాతము అదనపు సుంకము వేయఁగా, దాని దెబ్బ మొదట తగిలినది చెఱువుగట్టుననే. రాత్రి కరెంటు పోయి ఏరేటర్లు ఆగినచో తెల్లవాఱునప్పటికి చెఱువంతయు చచ్చి తేలును. అట్టి భయముతో నూఱుదినములు మేలుకొని పెంచిన రొయ్యకు, పట్టుబడినాఁడు మేతఖర్చులైనను రాలేదని బావగారు చెప్పిరి.

నేను చదివినదంతయు ఒక యుదయమున వారికి వినిపించితిని. అకాడియావారి కట్టలు, తూములు విని వారు చాలసేపు పలుకలేదు. పిమ్మట, "వాళ్లు ఉప్పునేలను తీపి చేసినారు మాష్టారూ. నేను తీపినేలను ఉప్పు చేసినాను. మీరప్పుడు వ్రాసిన జాబు ఇంకను నా పెట్టెలోనే ఉన్నది" అనిరి. కొంత తడవు ఊరకుండి, "ఆ ప్రక్కచేనివాఁడు ఏమైనాఁడు?" అని యడిగిరి.

నాకు తెలియును. నాలుగవ వలస అతనిది. వరి పోఁగా చేను తెగనమ్ముకొని, భార్యాబిడ్డలతో హైదరాబాదు వచ్చి, నాచారమున ఒక యంత్రశాలలో కాపలాదారుగా కుదిరినాఁడు. వాని కుమారుఁడు నా యెదుట కూర్చుండి ఆఱవతరగతి తెలుఁగు చదివినాఁడు. ఇన్నియేండ్లు ఒకే పేటలో నుండియు నేను ఈ మాట బావగారికి చెప్పలేదు. చెప్పిన మరల తగవగునని వెఱచితిని. జాబులో అంత కఠినముగా వ్రాయఁగలిగిన నేను, కలుపవలసిన చోట నోరు మెదపలేదు. అది నా తప్పు.

"వారి యిల్లెక్కడ? నన్ను తీసికొనిపొండి" అని బావగారు లేచిరి. ఎండలోనే నడచిపోయితిమి. ఆ వృద్ధుఁడు మమ్మును ఆనవాలు పట్టి, మంచము వాల్చి, మజ్జిగ యిప్పించినాఁడు. చేను మాట అతఁడెత్తలేదు. బావగారే యెత్తిరి. వారిరువురు ఏమి మాటలాడుకొనిరో అది వారిది; రేడియోలో చెప్పఁదగినది కాదు. తిరిగి వచ్చునప్పుడు బావగారు "ముప్పదియేండ్లు ఆలస్యమైనది" అని మాత్రము అనిరి.

పెద్దలారా, మీలో చెఱువు త్రవ్వువారుందురు, ప్రక్కచేనివారును ఉందురు. ఊరి తగవులు మొదట మీ యెదుటికే వచ్చును. పరాయి తిండి అంటరాదని నేను చెప్పను. ఏ తిండియు మొదటినుండి ఒక్కరిదే కాదని ఈ కుండ చూపినది. కాని మీ యూర చెఱువు త్రవ్వుమాట వచ్చినపుడు, ప్రక్కచేనివానిని కూడ పిలిపించి, గట్టునకు ఆవల ఉప్పునీరు ఎటు పోవునో అతని యెదుటనే తేల్చుఁడు. అతఁడు ఊరు విడిచిన పిదప తేల్చినను, మజ్జిగ త్రాగి వచ్చుటకంటె చేయఁగలిగినది లేదు.