తిప్పి పంపే ముందు: గోదావరి తీరం, బర్మా దారి, రిట్ పిటిషన్

మద్రాసు–కలకత్తా రైలు మార్గంలో రాజమండ్రికి ఎదుటి ఒడ్డున ఉన్న కొవ్వూరు, 1900లో హేవలాక్ వంతెన మీద రైళ్ళు నడవసాగిన నాటి నుంచి, బర్మా వలసలతో ముడిపడిన గోదావరి జనానికి దారిలోని ఊరు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుతో రంగూనులో ‘కోరంగీలు’ అనిపించుకున్న తెలుగు కూలీలలో ఎందరో 1942లో జపాను దాడికి జడిసి అడవుల వెంట నడిచి రాగా, 1962లో నే విన్ సైనిక పాలన వచ్చి వ్యాపారాలను జాతీయం చేశాక మరెందరో ఓడలెక్కారు. లోకం వారిని కాందిశీకులన్నా, ప్రభుత్వం స్వదేశానికి తిరిగి వచ్చినవారిగానే చూసింది కనుక, విశాఖలో బర్మా క్యాంపు వెలిసిందే తప్ప వారిని వెనక్కి పంపే ప్రశ్న రాలేదు.

పరాయివాడై వచ్చి ఆశ్రయం కోరినవాడి సంగతి వేరు. శరణార్థుల హక్కులను నిర్వచించిన 1951 నాటి అంతర్జాతీయ ఒడంబడికలో భారతదేశం చేరలేదు. పైగా 1946 నాటి విదేశీయుల చట్టం ఇచ్చిన వెళ్ళగొట్టే అధికారానికి హద్దు లేదని 1955లో హాన్స్ ముల్లర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే 1961లో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే వాదిగా నడిచిన అబ్దుల్ ఖాదర్ కేసులో, పాకిస్తాన్ పాస్‌పోర్టుతో తిరిగి వచ్చినవాడు పౌరసత్వం కోల్పోయాడో లేదో తేల్చవలసింది కేంద్ర ప్రభుత్వమే గాని మేజిస్ట్రేటు కాదని అదే న్యాయస్థానం చెప్పింది. ఖాదర్ శరణార్థి కాడు. అయినా అధికారం ఎంత పెద్దదైనా పద్ధతి తప్పరాదన్న ఆ వాదనే తరువాతి న్యాయవాదులకు ఆయుధమైంది.

1988 తిరుగుబాటు అణచివేత తరువాత బర్మా నుంచి పారిపోయి అండమాన్ చేరిన ఇరవై ఒక్కమందిని పంపివేయబోగా, 1992లో మాలవికా కర్లేకర్ వేసిన రిట్ పిటిషన్, అనగా ప్రభుత్వ చర్యను నేరుగా ప్రశ్నించే దరఖాస్తు, వారిని నిలబెట్టింది: ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ వారి స్థితిని పరిశీలించేవరకు పంపరాదని సుప్రీంకోర్టు ఆదేశించింది. సిద్ధాంత చర్చ అంతగా లేని చిన్న ఉత్తర్వు అది, కాని ప్రాణాలు నిలిపింది. ప్రాణాపాయమున్న దేశానికి తిప్పి పంపరాదన్న సూత్రం, పౌరులకే గాక ప్రతి మనిషికీ వర్తించే రాజ్యాంగ 21వ అధికరణంలోనే ఇమిడి ఉందని 1998లో గుజరాత్ హైకోర్టు ఇద్దరు ఇరాకీయుల కేసులో ఇంకా స్పష్టంగా పలికింది.

2021లో జమ్మూలో నిర్బంధించిన రోహింగ్యాల విషయంలో సుప్రీంకోర్టు స్టే ఇవ్వడానికి నిరాకరించి, నిర్దేశిత పద్ధతి పాటించకుండా మాత్రం పంపరాదంది. బర్మా నుంచే వచ్చి హైదరాబాదు బాలాపూర్‌లో తలదాచుకుంటున్న రోహింగ్యాలకూ వర్తించేది ఆ షరతే.